తిన్నని రోడ్డు మీద చుక్కలుండవు

కడప కేంద్ర కారాగారం,
ఆగస్టు 2009

మద్దిలేటికి బావ ఓబులేసు రాసేది.

బాగుండానని రాస్తే నువ్వు నమ్మవు, బాగలేనని రాస్తే మీ అక్క నాగలక్ష్మి ఏడుస్తాది. అందుకే ఆ మాట వదిలేస్తాండా. ఈడ మా జాబులు చదివినాకనే బయటికి పంపుతారు. అది మనసులో పెట్టుకొని చదువు.

మీ అక్క గాబరాలో నీకు సగమే చెప్పింటాది. నేను మొత్తం చెప్తా. ఆ పొద్దు ఎర్రగుంట్లలో బండలు ఎత్తుకొని కడపకు బయలుదేరినా. కమలాపురం దాటినాక తిన్నని రోడ్డు వస్తాది గదా, దాని మీద నాగేశ్వరయ్య అనే పెద్దాయన్ను మోపెడ్డుతో సహా ఏదో లారీ గుద్ది పోయింది. ఆయన ఆడికాడే సచ్చిపోయినాడు. వట్టి యాక్సిడెంటు అయింటే ఇంత రచ్చ ఉండదు. ఆయన గని తగాదా కేసులో సాక్షి అంట. కోర్టులో నోరు విప్పాల్సిన మనిషి. దాంతో ఇది యాక్సిడెంటు కాదు, కావాలని చేసిన హత్య అంటాండారు పోలీసులు.

చూసినోళ్ళు నంబరు పట్టుకోలేదు. నీలం లారీ, వెనకాల బండలు, డోరు మీద మన కంపెనీ పేరు అన్నారు. ఆ పూట మన బండ్లు మూడు ఆ దారిన పోయినాయి. మిగతా రెండూ ఒకదాని వెంట ఒకటి పోయినాయి కాబట్టి ఆ డ్రైవర్లు ఒకరికొకరు సాక్ష్యం. నేనొక్కన్నే ఆలస్యంగా కడప చేరినా. "ఆ గంటన్నర యాడుంటివి? ముసలాయన కోసం కాపు కాస్తా ఉంటివి గదా?" అని ఇన్‌స్పెక్టరు అడిగిందే అడుగుతాండాడు.

ఆ రోడ్డు పక్కన జామతోట ఉండాది చూడు, దాని గోడ నీడలో బండి ఆపి పండుకున్యా. గుద్దిన చోటికి అది శానా దూరం. ఎవరూ చూడలేదు. అయితే నీ పెట్టె చూసింది గదా. మన ఓనరు బండ్లకు జీపీఎస్ పెట్టెలు బిగించి, దాని కంప్యూటరు పని నీకప్పగించినప్పుడు నిన్ను తిట్టుకోని డ్రైవరు లేడు. నేను గూడా తిట్టుకున్యా. ఇప్పుడు నా పక్క మాట్లాడేది అదొక్కటే. నేను యాడ ఎంతసేపు నిలబడినానో ఆ కాగితం తీసి లాయరు దావీదురాజు గారికి పంపు. ఇంకేమీ అడగను.

మీ బావ
ఓబులేసు


కర్నూలు,
ఆగస్టు 2009

బావకు మద్దిలేటి నమస్కరించి వ్రాయునది.

నీ జాబు అందింది. ఆఫీసులోనే నిలబడి చదివాను. కూర్చునే ఓపిక కూడా లేకపోయింది. నువ్వు చీమకు కూడా దారిచ్చే మనిషివని నాకు తెలుసు, మన చుట్టాలందరికీ తెలుసు. ఆ మాట కోర్టుకు తెలిసేలా చేయడమే ఇప్పుడు కావాల్సింది.

నీ బండి ఆ రోజు తిరిగిన దారి డేటాబేసులో ఉంది. ఓనరు నాతో చెప్పకుండానే పోలీసులకు ఒక ప్రింటు తీసి ఇచ్చాడట. అందులో బండి అక్కడున్నట్టు చూపే గుర్తుగా కమలాపురం మలుపు దగ్గర ఒక చుక్క, కడప వైపు మలుపు దగ్గర ఇంకొక చుక్క, మధ్యలో ఒక గీత ఉన్నాయి. ఆ ప్రింటును చూసి నువ్వు కంగారు పడొద్దు. మధ్య చుక్కలు అందులో రాలేదు, అంతే. నేను వెతుకుతాను. నలభై బండ్ల సమాచారం బావా, కాస్త టైం పడుతుంది.

అక్కతో ఫోన్లో మాట్లాడాను. పిల్ల బడికి పోతోంది. బడిలో ఎవరో ఏదో అన్నారట గానీ, టీచరమ్మ వాళ్ళను మందలించిందట. నువ్వు అన్నం సరిగా తిను.

మద్దిలేటి


కడప కేంద్ర కారాగారం,
సెప్టెంబరు 2009

మద్దిలేటికి,

నీ జాబు చదివినా. మళ్ళ ఇంకోసారి చదివినా. వెతుకుతా అన్నావు గానీ దొరుకుతాదని రాయలేదు. నేనేమన్నా ఎక్కువ ఆలోచిస్తాండానేమో. ఈడ ఆలోచించడం తప్ప వేరే పని లేదు.

దావీదురాజు గారు వచ్చి ఆ ప్రింటు సంగతి చెప్పినాడు. పోలీసులు దాన్ని పట్టుకొని ఎగురుతాండారంట. "మొదటి చుక్కకూ రెండో చుక్కకూ నడుమ పావుగంట దారి. వీడు గంటా ముప్పావు తీసుకున్యాడు. నడుమ ఇంకో రోడ్డు లేదు. అంటే ఆ మిగిలిన గంటన్నరా ఈ తిన్నని రోడ్డు మీదనే ఉన్నాడు. ముసలాయన సచ్చింది గూడా దీని మీదనే" అని రాసినారంట. నన్ను కాపాడుతాదనుకున్న పెట్టె నన్నే చూపిస్తాంది.

ఏమప్పా, పది సెకన్లకొక చుక్క పడుతాదని నువ్వే గదా మాకు చెప్పింది? "మామూలుగా కాదు, మీరు బీడీ ముట్టించుకునే లోపల రెండు చుక్కలు పడుతాయి" అని ఆ పొద్దు యార్డులో అందరి ముందర నవ్వినావే. ఆ చుక్కలన్నీ యాడికి పోయినాయి?

ఇంకో మాట. జామతోట అని నేను రాసింది పట్టుకొని కూర్చోవద్దు. నీ మిషన్లో ఏముందో అది చూడు, ఉన్నది ఉన్నట్టు లాయరుకు పంపు. అది ఏం చెప్పినా నాకు సమ్మతమే. బెయిలు అర్జీ దసరా పోయినాక విచారణకు వస్తాది. దీంట్లో పోతే నాకు యావజ్జీవమో ఉరో అంటాండారు లోపలున్నోళ్ళు. వాళ్ళకు ఎదుటోన్ని భయపెట్టడం ఒక ఆట. అయినా నాకు భయంగానే ఉండాది.

ఓబులేసు


కర్నూలు,
అక్టోబరు 2009

ప్రియమైన బావకు,

మేము బతికే ఉన్నాము. పేపర్లో చూసే ఉంటావు. తుంగభద్ర ఊళ్ళోకి వచ్చేసింది. మా వీధిలో కింది ఇళ్ళన్నీ మునిగాయి. మేము మిద్దె మీదికి ఎక్కి, నీళ్ళు తీసేదాకా అక్కడే ఉన్నాము. తాగడానికి నీళ్ళు లేవు, చుట్టూ చూస్తే నీళ్ళే. ఇప్పుడు ఎటు చూసినా బురద, కంపు. మన ఆఫీసు కింది అంతస్తు గదా, కంప్యూటర్లన్నీ నిలువునా మునిగిపోయాయి. తీసి చూస్తే లోపల రేగడి మట్టి.

అయినా నీకు ఒక మంచి మాట చెప్పాలి. డేటాబేసు నకలు ఒకటి నేను ఇంట్లో బీరువా పైన పెట్టి ఉంచాను. అది తడవలేదు. అందులో నీ చుక్కలు దొరికాయి బావా. నువ్వు చెప్పినట్టే జామతోట గోడ పక్కన నీ బండి గంటన్నర నిలబడి ఉంది. ఒకటి కాదు, వందల చుక్కలు, అన్నీ ఒక్కచోటే కుప్పగా పడ్డాయి. ఎవరు చూసినా ఒప్పుకోక తప్పదు. సీడీలోకి ఎక్కించి, ప్రింటు తీసి, సంతకం పెట్టి దావీదురాజు గారి చేతికి నేనే స్వయంగా ఇచ్చి వచ్చాను. బస్సులు సరిగా లేవు, నంద్యాల దాకా పాల వ్యానులో పోయాను.

ఆయన చాలా సంతోషించాడు. కోర్టులో దాఖలు కూడా చేసేశాడు. అక్కకు చెబితే ఫోన్లోనే ఏడ్చేసింది. దీపావళికి కాకపోయినా కార్తీక మాసంలో నువ్వు ఇంట్లో ఉంటావు. ఇంక నిశ్చింతగా నిద్రపో.

మద్దిలేటి


కడప,
అక్టోబరు 2009

మద్దిలేటికి,

ఈ జాబు జైలు ఆఫీసు దారిన రాలేదు. బెయిలు మీద బయటికి పోయే మనిషి తీసుకొనిపోయి పోస్టు చేస్తానన్యాడు. కాబట్టి దీంట్లో ఉన్నదున్నట్టు రాస్తాండా.

జామతోట కాడ నేను ఆగలేదు.

నీ జాబు చూసినప్పట్నుంచి నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. ఆ పొద్దు తోట దాటి పోయినానే గానీ బండి ఆపనే లేదు. నేను ఆగింది తిరుపతమ్మ హోటలు కాడ. రోడ్డుకు రవ్వంత లోపలికి రేకుల కొట్టం ఉంటాది, ఆమెది. ట్యాంకులో డీజిలు క్యాన్లలోకి తీసి ఆమెకు అమ్ముతా ఉంటి. ఈ పని ఆ దారిన పోయే డ్రైవర్లు శానామంది చేస్తారు, అట్లని నేను చేసింది ఒప్పు కాదు. ఆ పొద్దు బేరం తెగినాక ఆమె అన్నం పెడితే తిని ఆడనే నడుం వాల్చినా.

జాబులు చదువుతారని గదా చెప్పినా. డీజిలు మాట రాస్తే ఓనరుకు తెలుస్తాది, పోలీసులు ఆమెను పట్టుకుంటారు. అందుకని పై చూపుకు తోట అని రాసినా. నువ్వు మిషన్లో చూస్తే ఎట్లయినా హోటలే కనపడుతాది, అప్పుడు నువ్వే లాయరు చెవిలో వేస్తావనుకున్యా. నేను రాసింది పట్టుకోవద్దు, మిషన్లో ఉన్నదే పంపు అని అందుకే గదా రెండోసారి రాసినా. డీజిలు దొంగతనానికి ఉద్యోగం పోతాది, ప్రాణం పోదు గదా అని నా లెక్క.

మరి నేను ఆగని చోట నీకు వందల చుక్కలు ఎట్లా కనపడినాయి? మిషను అబద్ధం చెప్తాదా మద్దిలేటీ? నాకు ఆ సంగతి తెలియాల.

ఓబులేసు


కర్నూలు,
నవంబరు 2009

బావా,

మిషను అబద్ధం చెప్పదు. ఆ చుక్కలు నేను పెట్టాను.

ఎలా చెప్పాలో తెలియక నాలుగు కాగితాలు చింపేశాను. ఈ కాగితం మాత్రం చింపను, జైలు ఆఫీసు దారిన కాకుండా తెలిసిన మనిషి చేతికిచ్చి పంపుతున్నాను. నీ చుక్కలు వరదలో పోలేదు. వరదకు ముందే పోయాయి. నువ్వు మొదటి జాబు రాసినప్పటికే అవి లేవు.

నలభై బండ్లు పది సెకన్లకొక చుక్క పంపుతుంటే డేటాబేసు ఉబ్బిపోయింది. మ్యాపు తెరవాలంటే బయటికి పోయి టీ తాగి రావాల్సినంత సేపు పట్టేది. ఓనరు చుక్కలు తగ్గించమన్నాడు. మొలకలు ఒత్తుగా వస్తే పీకి పలచన చేస్తాము గదా, అలాంటి పనే. రెండు చుక్కల మధ్య తాడు లాగి పట్టినట్టు ఒక గీత గీయాలి. ఆ గీతకు ముప్పై మీటర్ల లోపల పడ్డ చుక్కలన్నీ తీసెయ్యాలి. దారి వంపు తిరిగి గీతకు దూరం జరిగినచోట మాత్రం చుక్క ఉంచాలి. అలా చేస్తే ఘాట్ రోడ్డు మీద చుక్కలు మిగులుతాయి. తిన్నని రోడ్డు మీద ఒక్కటీ మిగలదు. దారి ఆకారం ఏమాత్రం చెడదు. బండి ఆగిన సంగతి మాత్రం పోతుంది, ఆగిన బండి కూడా ఆ గీత మీదే ఉంటుంది కాబట్టి. తిరుపతమ్మ కొట్టం కూడా ముప్పై మీటర్ల లోపలే ఉండి ఉంటుంది.

ఆగిన చోట్లు ముందే విడిగా తీసిపెట్టుకుని, ఆ తర్వాత పలచన చేయాలి. ఈ పని తెలిసినవాడు ఎవడైనా అలాగే చేస్తాడు. నాకూ తెలుసు. కావాలనే చేయలేదు. ఎందుకంటే ఓనరు అదే నోటితో ఇంకొక మాట కూడా అన్నాడు, "ఏ బండి యాడ ఎంతసేపు నిలబడతాందో చూడాలప్పా, డీజిలు దొంగలు దొరుకుతారు" అని. అదే వారంలో అక్క ఫోన్ చేసింది. "మీ బావ గూడా అందరి మాదిరే. నువ్వు చూసీ చూడనట్టు పో నాయనా" అంది. నువ్వు ఎక్కడ ఆగుతావో నా కంటితో చూడకూడదు అనుకున్నాను. చూడలేదు. మొత్తం తీసిపారేశాను, అప్పట్నుంచి ఏ రోజు చుక్కలు ఆ రాత్రే పోయేలా పెట్టాను. నిన్ను కాపాడాననే అనుకున్నాను బావా.

నీ జాబు వచ్చాక చెప్పే ధైర్యం లేకపోయింది. మిషన్లో ఉన్నదే పంపమని నువ్వు రాస్తే, జామతోట మాట నిజం కాబట్టే అంత నమ్మకంగా ఉన్నావనుకున్నాను. అసలు కంప్యూటరు నీళ్ళలో పోయింది, ఇంక పోల్చి చూసేవాడెవడూ లేడు. నా దగ్గర మిగిలింది పలచన చేసిన నకలు. అందులో తోట గోడ పక్కన చుక్కలు పోశాను. ఆగిన బండి చుక్క ఒక్కచోట కుదురుగా ఉండదు, అటూ ఇటూ కదులుతుంది. ఆ కదలిక కూడా కల్పించాను. చాలా శ్రద్ధగా చేశాను. చోటే తప్పు.

నేనిప్పుడు ఏం చేయాలో చెప్పు.

మద్దిలేటి


కడప,
నవంబరు 2009

మద్దిలేటికి,

ఇది గూడా చేతి మీద పోయే జాబే.

నీ జాబు చదివినాక నీ మీద మన్ను పోయాల అన్నంత కోపం వచ్చింది. నేను సచ్చినా నీ మొగం చూడకూడదనుకున్యా. కోపంతోనే రాస్తాండా, చదువుకో.

పోలీసులు తోట కాడికి పోయినారు. ఆ పొద్దు కరెంటోళ్ళు ఆ తోట లోపల ట్రాన్స్‌ఫార్మరు మారుస్తా సాయంత్రం దాకా ఉన్నారంట. గోడ నీడలో వాళ్ళ సామాన్ల ట్రాలీ పెట్టుకున్యారంట. "ఆడ లారీ పట్టే చోటే లేదు సార్, మా ట్రాలీ ఉండింది" అని అందరూ ఒకే మాట చెప్పినారు. జడ్జీ గారు బెయిలు కొట్టేసినాడు.

దానికి నేను ఏడవలేదు. ఇంకోదానికి ఏడ్చినా. తిరుపతమ్మ నా సంగతి విని, ఎవరూ పిలవకుండా, తనంతట తనే కమలాపురం స్టేషనుకు పోయిందంట. "డీజిలు కొన్యాను, కేసు పెట్టుకుంటే పెట్టుకోండి. ఆ మనిషి ఆ పూట నా కొట్టంలో అన్నం తిని పండుకున్యాడు. గుద్దినోడు ఈ మనిషి కాదు" అని చెప్పిందంట. తన మీద కేసు పడుతాదని తెలిసి గూడా చెప్పింది ఆమె. దానికి ఇన్‌స్పెక్టరు ఏమన్యాడో తెలుసా? "వాని సొంత బామ్మర్ది మిషను జామతోట అంటాంది. నువ్వు కొట్టం అంటావు. ముందు మీరందరూ కూర్చొని ఒక మాట అనుకొని రాండి" అని పంపించేసినాడు. మీ అక్క ఆమెను తీసుకొని లాయరు కాడికి పోతే, ఆయన తల పట్టుకున్యాడంట. ఆ సీడీ దాఖలు కాకముందు ఈమె వచ్చింటే నాకు ఎప్పుడో బెయిలు వచ్చేది అన్యాడంట.

నువ్వు ఏమీ పంపకుండా గమ్మునున్యా ఆమె మాటకు విలువ ఉండేది మద్దిలేటీ. నేను మొదటి జాబులో తోట అని రాయకున్యా ఉండేది. ఇద్దరం కలిసి చేసినాము ఈ పని.

ఏం చేయాలని అడిగినావు. ఏమీ చేయొద్దు. కోర్టుకు పోయి నేనే కల్పించినానని చెప్తావేమో, ఆ పని చేయొద్దు. నిన్ను గూడా లోపలేస్తారు. మీ అక్కకు బయట ఉండే మొగదిక్కు నువ్వొక్కడివే. నీ భార్య కడుపుతో ఉండాదని మీ అక్క చెప్పింది. నామాట విను.

ఓబులేసు


కర్నూలు,
డిసెంబరు 2009

బావా,

ఈ ఒక్క మాటా వినలేను. నేను నోరు మూసుకుని కూర్చుంటే ఆ దొంగ చుక్కలే నిజమై తిరుపతమ్మ మాట అబద్ధమవుతుంది. అవి దొంగవని చెప్పగలిగినవాడిని నేనొక్కడినే. ఓనరుకు చెప్పేశాను, ఉద్యోగం పోయింది. ఇంట్లో నా భార్యకు చెప్పాను. ఆమె కడప ప్రయాణానికి తన బట్టలతో పాటు నావి కూడా రెండు జతలు సంచిలో సర్దింది.

రెండో బెయిలు అర్జీ నాడు నేను కోర్టులో ఉంటాను. నన్ను చూసి తల తిప్పుకోవద్దు. నాకు అక్కడ భయం వేస్తుంది.

మద్దిలేటి


కడప కేంద్ర కారాగారం,
డిసెంబరు 2009

మద్దిలేటికి బావ రాసేది.

నువ్వు అవతలి బ్యారక్‌లో ఉండావు, నేను ఇవతల ఉండా. నడుమ వంటశాల ఉండాది. అన్నం గంగాళం మోసే మనిషి ఈ కాగితం నీకిస్తాడు. చదివినాక చింపెయ్.

ఆ పొద్దు నేను తల తిప్పుకోలేదు, చూసినావు గదా. నువ్వు బోనెక్కి, "ఆ చుక్కలు నేనే కల్పించినాను, మా బావకు తెలీదు" అని చెప్తాంటే నీ మాట ఒక్కటీ తప్పలేదు. అప్పుడు జడ్జీ గారు అడిగినాడే, "సరేనయ్యా, ఇది అబద్ధమే. మరి నిజంగా ఆ గంటన్నర లారీ యాడుండింది? నీ కంప్యూటరు ప్రకారం చెప్పు" అని. నువ్వు నా పక్క చూసినావు. తిరుపతమ్మ హోటలు కాడ అని అంటావేమోననుకున్యా. నువ్వు "తెలీదు సార్. నా కంప్యూటర్లో లేదు" అన్యావు. అదే నిజం. ఆ నిజం నాకు పనికిరాలేదు. "ఒకసారి అబద్ధం తయారుచేసినోడు, ఇప్పుడు మాట మారిస్తే నమ్మాలనా" అని సర్కారు వకీలు నవ్వినాడు. అర్జీ మళ్ళ కొట్టేసినారు. నిన్ను ఆడనే పట్టుకొని పోయినారు. తిరుపతమ్మ కోర్టు మెట్ల మీద కూర్చొని సాయంత్రం దాకా లేవలేదంట.

దావీదురాజు గారు ఇంకా నమ్మకం ఉండాదంటాడు. అసలు విచారణలో ఆమె మాట గట్టిగా నిలబెడతానంటాడు. అది ఎప్పటికో.

నాకిప్పుడు నీ మీద కోపం లేదని రాస్తే అబద్ధమవుతాది. ఉండాది. పొద్దున్నే లేస్తానే ఉంటాది. మధ్యాన్నం నువ్వు అవతల అన్నం తిన్యావో లేదోనని అనిపిస్తాది. రెండూ నిజమే, ఏం చేద్దాం.

మొన్న మీ అక్క వచ్చింది. గేటు కాడ ములాఖత్‌కు ఇద్దరి పేర్లు రాయించింది. "వారానికి ఒక్కరినే చూడాలమ్మా, మొగుడా తమ్ముడా చెప్పు" అన్యాడంట గేటాయన. ఆమె ఆడనే నిలబడితే, వెనకాల లైన్లో ఉన్నోళ్ళు అరిసినారంట. ఆఖరికి నా పేరు చెప్పి వచ్చింది. కమ్మీల అవతల నిలబడి, ఉన్నంతసేపూ నీ సంగతే అడిగింది.

వచ్చే వారం నా పేరు రాయించొద్దని చెప్పి పంపినా. నిన్ను చూస్తాది. ఆమె ముందర ఏడవద్దు.

బావ